టేకా, పైనా: అనంతగిరి కింద ఒక పంచాయితీ

వికారాబాద్ నుంచి అనంతగిరి గుట్టెక్కే దారిలో మాకో పాత ఇల్లుంది. రాయి, సున్నంతో కట్టిన గోడలు, మూరెడు మందం. ఎనిమిది కిటికీలు. వాటిలో పడమటి వైపువి మూడు, కింది పట్టీ దగ్గర వేలితో నొక్కితే పొడి రాలే స్థితికి వచ్చాయి. నిజాం కాలంలో ఈ గుట్ట మీద క్షయ రోగుల కోసం ఆసుపత్రి కట్టింది ఇక్కడి గాలి కోసమే. వానాకాలంలో ఆ గాలి ఒంటరిగా రాదు, నీళ్లను వెంటబెట్టుకుని వస్తుంది.

కొత్త కిటికీలు పెట్టిద్దామని ఇద్దరిని పిలిచాను. ఒకాయన తాండూరులో వడ్రంగం చేసే పెద్ద మేస్త్రీ. తాత, తండ్రి చేసిందీ అదే పని. రెండోవాడు ఆయన మేనల్లుడు. హైదరాబాద్ శివార్లలో కిటికీలు చేసే కార్ఖానాలో మిషన్ల మీద పనిచేస్తాడు. ఇద్దరి చేతికీ మొదట వచ్చింది ఒకే ఇంటి ఉలి, కానీ ఇప్పుడు ఒకరి కట్టె ఒకరికి గిట్టదు. వాళ్ల మాటల్ని వాళ్ల యాసలోనే ఇస్తున్నాను. బూతులు మాత్రం తీసేశాను.

మామ: దీంట్ల ఆలోచన జేసేదేమున్నదిరా? టేకు. ఇగ మాట లేదు. ఈ పాత చౌకట్టు చూసినవా? పై దిక్కు ఇప్పటికీ ఉలి దిగుతలేదు. 1874ల వాడి నుంచి సికింద్రాబాద్ దాక రైలుపట్టా పడ్డంక మన దిక్కు దూరం కట్టె దిగుడు సురువైందని మా తాత చెప్పేటోడు. ఉన్నోళ్ల ఇండ్లకు బర్మా టేకు, లేనోళ్ల ఇండ్లకు నల్లమద్ది, వేప. గన్ని తరాలు చూసి ఎంచుకున్న కట్టెను నువ్వు మిషిన్ ముంగట నిలబడి కాదంటవా?

అల్లుడు: కాదంటలేను మామా. కిందికి చూడమంటున్న. ఇదీ టేకే కద? మరి కింది పట్టీ ఎందుకు మురిగింది?

మామ: ఇన్నేండ్లు నీళ్లల్ల నిలబడితే నువ్వూ మురుగుతవ్.

అల్లుడు: గదే నేననేది. నీళ్లల్ల నిలబడితే టేకు గూడ మురుగుతది. అంటే కట్టె పేరు ఒక్కటే చూస్తే సరిపోదు. మా దగ్గర న్యూజిలాండ్ పైన్ ఉన్నది. తెల్లగ, సాపుగ, ఆరబెట్టి, మందు పట్టించి వస్తది. టేకు ఖర్సుల సగం గూడ కాదు.

మామ: పైనా! కిరాణ సామాను దిగే పెట్టెలు జేసే కట్టె గది. సారు ఇంటికి పెట్టెలు గొడ్తవా?

అల్లుడు: పెట్టెలకు వాడేది రద్దీ మాలు. కట్టె ఒక్కటే గని దర్జా వేరు. నువ్వు మెత్త కట్టె అని తీసిపారేస్తున్నవ్ గని, దుకాణంల రాసే హార్డ్‌వుడ్, సాఫ్ట్‌వుడ్ గట్టిదనం జూసి రాసేటివి గావు. వెడల్పు ఆకుల చెట్టైతే హార్డ్‌వుడ్. సూదుల లెక్క ఆకులుండి, కాయకు బదులు పొలుసుల కోను కాసేదైతే సాఫ్ట్‌వుడ్. అంతే లెక్క. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగ నువ్వు బస్సుల వచ్చినప్పుడల్ల మర్రి చెట్లు చూస్తవ్ కద? రోడ్డు వెడల్పు జేస్తందుకు కొట్టొద్దని కోర్టుల దాక పోయినయ్ అవి. ఆ మర్రి హార్డ్‌వుడే. దాంతోటి కిటికీ చేస్తవా?

మామ: మర్రితోటి ఎవడు జేస్తడ్రా?

అల్లుడు: బూరుగ గూడ హార్డ్‌వుడే. గోరుతోటి గీస్తే గీత పడ్తది. రబ్బరు చెట్టు గూడ హార్డ్‌వుడే, వాన తాకితే చెదలు, పురుగు దానికే ముందు పడ్తయ్. సిటీల దుకాణపోడు 'హార్డ్‌వుడ్ చౌకట్టు' అని బోర్డు పెట్టి మలేషియా సాల్ అమ్ముతడు. బోర్డు చదివి కొన్నోనికి ఏ చెట్టో తెల్వదు.

మామ: నేను బోర్డు చదివి కొనను. కొస చూసి కొంట.

ఇక్కడ మేస్త్రీ లేచి, మురిగిన కిటికీ రెక్కను విప్పి కింద పెట్టాడు. రంపంతో కొస ఒక అంగుళం కోసి నా చేతిలో పెట్టాడు. మధ్యలో ముదురు తేనె రంగు, అంచున సన్నగా పాలిపోయిన చార. మురుగు ఎక్కువగా పట్టింది ఆ చారనే.

మామ: చూడు సారు. గీ రంగున్నది చేవ. గీ అంచుది తెల్ల చెక్క. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పారేది తెల్ల చెక్కల. చెట్టు తిండి దాసిపెట్టుకునేదీ దాంట్లనే. పురుగుకు గదే అన్నం. చేవల నూనె ఉంటది. చేతికి జిగట తగుల్తది, రంద పడ్తుంటే తోలు వాసనొస్తది. చెద పురుగు దాని జోలికి జల్ది రాదు.

అల్లుడు: ఆ నూనెల టెక్టోక్వినోన్ అని ఒక పదార్థం ఉంటది మామా. చెదలు ముట్టనిది దాని వల్లనే. రబ్బరు లెక్క ఇంకో పదార్థం గూడ ఉంటది, అది నీళ్లను లోపలికి రానియ్యదు. టేకు మంచి కట్టె అని నేను ఒప్పుకుంట. నేనడిగేది ఒక్కటే. ఇయ్యాల నువ్వు తెచ్చే టేకుల చేవ ఎంత?

మామ ఈ ప్రశ్నకు వెంటనే జవాబివ్వలేదు. నా దృష్టిలో ఈ పంచాయితీ మొత్తానికి ఇదే అసలు ప్రశ్న. టేకు అనే పేరు మీద మనకున్న నమ్మకం అరవై, ఎనభై ఏళ్లు అడవిలో పెరిగిన చెట్టు సంపాదించిపెట్టింది. నీలంబూరులో 1840ల్లో ఆంగ్లేయ కలెక్టరు కనోలీ నాటించిన తోటలోని చెట్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయంటే టేకుకు ఎంత కాలం కావాలో తెలుస్తుంది. బర్మా 2014లో దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు మన రేవుల్లో దిగే టేకులో చాలా భాగం ఘనా, ఈక్వడార్, బ్రెజిల్ లాంటి దేశాల తోటలది. నీళ్లు పెట్టి, ఎరువు వేసి, ఇరవై ఏళ్లు నిండేలోపే కొట్టేస్తారు. అదీ టేకే, పేరులో మోసం లేదు. కానీ అంత చిన్న చెట్టులో చేవ చేరడానికి టైం ఏదీ?

మామ: నేను ఘనా టేకు తెస్తానని ఎవలన్నరు? బల్లార్షా డిపోల వేలం పాడిన కట్టె తెస్త. చంద్రపూర్ అడవి టేకు. మొన్న అయోధ్యల రాముని గుడి తలుపులు ఏ కట్టెతోటి జేసిండ్రు? గా బల్లార్షా టేకుతోటే. జేసింది గూడ మన హైదరాబాదోళ్లే.

అల్లుడు: గుడి తలుపుకు ఎంతైనా పెడ్తరు. సారు ఇల్లు గుడి గాదు. లెక్క గట్టు. నాలుగడుగుల కిటికీ. చౌకట్టుకు చుట్టు పదహారడుగులు, నడిమిట్ల నిలువుది నాలుగు, మొత్తం ఇరవై. నాలుగు ఇంచుల వెడల్పు, రెండున్నర మందం. అంటే ఒక ఘనపుటడుగు మీద కొంచెం తక్కువ సగం. రెండు రెక్కలకు కలిపి ముప్పావు. కిటికీకి రెండు ఘనపుటడుగులు, అంటే రెండు సీఎఫ్‌టీ దాటింది. ఎనిమిదింటికి పదిహేడు. కోతల పోయేది వేరె. అంత మొత్తం ఒక్క తెల్ల చార లేకుంట, అడవి టేకు చేవ దొరుకుతదా నీకు? దొరికినా సారు ఒప్పుకునే ధరకు దొరుకుతదా?

మామ: దొరికినంత దొరుకుతది. కొద్దిగ తెల్లది వస్తే లోపలి దిక్కుకు మలుపుత.

అల్లుడు: లోపలికి మలిపినా తెల్ల చెక్క తెల్ల చెక్కనే మామా. చెదలు లోపలి నుంచే వస్తయ్.

మామ: మరి నీ పైన్‌ల చేవ ఎంత?

అల్లుడు: తక్కువే. నిజం చెప్పాల్నంటే ఎక్కువ తెల్ల చెక్కే. అయినా పైన్ తెల్ల చెక్కకు ఒక గుణమున్నది. అది మందు తాగుతది.

మామ: నాకు తెలిసి కల్లు తాగేటోళ్లే ఎక్కువ, మందు తాగే కట్టె ఇప్పుడే ఇంటున్న.

అల్లుడు: నవ్వకు. కట్టెను ఇనుప పీపాల పెట్టి, లోపలి గాలి గుంజేసి, మందు నీళ్లు పోసి ఒత్తిడి పెడ్తరు. పైన్ తెల్ల చెక్క లోపలి దాక గుంజుకుంటది. టేకు చేవ అట్ల గుంజుకోదు, దానికి అక్కర గూడ లేదు. ఇగ ఈ మాట ఇను. ప్రపంచమంత ఆకుపచ్చ రంగు పైన్ కట్టెలు కనిపిస్తయ్ కద, కంచెలకు, వరండాలకు, కరెంటు స్తంభాలకు? ఆ మందు కనిపెట్టింది మన తెలుగాయన. సొంటి కామేశం. 1933ల డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థల పనిజేసుకుంట కనిపెట్టిండు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి. నువ్వు మెత్త కట్టె అని ఈసడించుకునే కట్టెకు యాభై ఏండ్ల ఆయుష్షు పోసింది మనోడే.

మామ: ఆర్సెనిక్ అంటే పాషాణం గాదురా?

అల్లుడు: అవును, పాషాణమే.

మామ: సారు మనుమండ్లు కిటికీ చువ్వలు నాకుతరు. పాషాణం తాగిన కట్టె తెచ్చి పెడ్తవా?

అల్లుడు: అందుకే అమెరికల 2004 నుంచి ఇండ్ల పనికి ఆ మందు బంద్ జేసిండ్రు. ఇప్పుడు ఆర్సెనిక్ లేకుంట రాగి మందులే వాడ్తరు. బోరాక్స్ గూడ ఉన్నది, అది లోపలి పనికి మంచిది, వాన తగిలితే కడుక్కపోతది. ఇంకా ఎక్కువ పైసలు పెట్టేటోళ్లకు మందే లేని దారి ఉన్నది. ఫిన్లాండుల పైన్‌ను రెండు వందల డిగ్రీల దగ్గర కాల్చకుంట వేడిజేస్తరు, పురుగు తినే తీపి అంత పోతది. నెదర్లాండ్స్‌ల ఇదే న్యూజిలాండ్ పైన్‌కు వెనిగర్ జాతి రసాయనం పట్టించి, నేలకు తగలకుంట వాడే పనికి యాభై ఏండ్ల గ్యారంటీ ఇస్తున్నరు.

మామ: గ్యారంటీ కాయితం ఏ పెట్టెల పెడ్తడు సారు? పైన్ పెట్టెల్నా?

కుర్రాడు కొంచెం నొచ్చుకున్నాడు. అయినా వాడి చేతిలో ఇంకో బలమైన ముక్క ఉంది. దాన్ని తీశాడు.

అల్లుడు: సరే, కాయితాలు వదిలెయ్. పాత ఇండ్లే చూద్దం. లండన్‌ల రెండు వందల ఏండ్ల కిందటి ఇండ్లు గిప్పటికీ ఉన్నయ్. పైకి కిందికి జరిగే వాటి కిటికీలు పైన్‌వి. బాల్టిక్ సముద్రం దిక్కు నుంచి ఓడలల్ల తెచ్చుకున్న పైన్. ఏడాదంత మబ్బు, తుంపర ఉండే ఊర్ల రెండు వందల ఏండ్లు. ఇగ మన దేశంల మనాలి హిడింబ గుడి 1553ల కట్టింది, దేవదారుతోటి. దేవదారు గూడ సాఫ్ట్‌వుడే. మన తాండూరు మీదుగ పోయే రైలు పట్టాల కింద కట్టె స్లీపర్లు ఉన్న కాలంల ఉత్తరాన చీర్ పైన్‌కు క్రియోజోటు పట్టించి పరిచిండ్రు. గుడి నుంచి రైలు దాక మోసిన కట్టెను మెత్తదంటే ఎట్ల?

మామ: లండన్ పైన్ నీ న్యూజిలాండ్ పైన్ ఒక్కటేనా?

అల్లుడు: కాదు.

మామ: ఎందుకు గాదు?

అల్లుడు: ఆ చెట్లు చలిల మెల్లగ పెరిగినయ్. గీతలు దగ్గర దగ్గరగ ఉంటయ్, చేవ ఎక్కువ. ఇవి జల్ది పెరిగినయ్, ముప్పై ఏండ్లు నిండకుంటనే కొడ్తరు.

మామ: ఇగ జెప్పు! నా టేకు పిల్ల చెట్టని అంటివి, నీ పైన్ గూడ పిల్ల చెట్టే. లండన్ కిటికీ చూపెట్టి న్యూజిలాండ్ కట్టె అమ్ముడు, బర్మా టేకు చూపెట్టి ఘనా టేకు అమ్ముడు, రెండూ ఒక్కటే యాపారం.

ఈ ఒక్క మాటకు నేను మేస్త్రీకి దండం పెట్టాలనుకున్నాను. కుర్రాడు మంచివాడు కనక ఇంకో సంగతి తనే బయటపెట్టాడు. న్యూజిలాండ్‌లోనే 1990ల చివర్లో మందు పట్టించని పొడి పైన్‌తో ఇళ్ల గోడల చట్రాలు కట్టనిచ్చారు. గోడల్లోకి నీళ్లు దిగాయి, ఆరడానికి దారి లేదు, వేల ఇళ్లు లోపలి నుంచి కుళ్లిపోయాయి. ఆ తర్వాత ప్రభుత్వం మళ్లీ మందు తప్పనిసరి చేసింది. కాబట్టి పైన్‌కు మందు ఒక అలంకారం కాదు, దాని ప్రాణమే అది. మేనమామ ఈ మాటను జారనివ్వలేదు.

మామ: గదే నా భయం. ఇను. మీ కార్ఖానల ముందు కోసి, రంద బట్టి, బెజ్జాలు తొలిచి, అప్పుడు మందు పెడ్తరు. బాగున్నది. వచ్చి ఈడ బిగిస్తరు. నాలుగు వానలు గడుస్తయ్. సారు రెక్క ఉబ్బుతది, పట్టేస్తది. సారు ఎవలిని పిలుస్తడు? నిన్ను గాదు, నన్ను పిలుస్తడు. నేను రంద పడ్త. రెండు మిల్లీలు లేపుత. అప్పుడు నువ్వు పట్టించిన మందు ఏడికి పోతది? నా కాళ్ల కింద పొట్టుల పోతది. బయటికొచ్చిన కట్టె ఎంత మందు తాగిందో ఎవలకెరుక? ఒక పురుగుకు ఎరుక.

అల్లుడు: లోపలి దాక తాగితే పోదు మామా. అయినా గాలి ఇడిసి బిగిస్తే రంద అక్కర రాదు.

మామ: ఎంత ఇడుస్తవ్?

ఇక్కడ కుర్రాడు జేబులోంచి తేమ కొలిచే చిన్న మీటరు తీశాడు, రెండు సూదులున్నది. పాత చౌకట్టులో గుచ్చాడు. నడిమిట్లో తొమ్మిది చూపించింది, కింది మురుగు పక్కన పాతిక దాటింది. తర్వాత గోడ మీద బొగ్గుతో లెక్క రాశాడు. మా ఆవిడ ఆ గీతల్ని ఇంకా చెరపలేదు.

అల్లుడు: ఎండాకాలం మన దగ్గర కట్టెల తేమ ఏడెనిమిది శాతానికి దిగుతది, వానల పదిహేను దాక ఎక్కుతది. తేడా ఎనిమిదని పెట్టు. టేకు అడ్డంగ కోసిన పలకైతే ఈ తేడాకు వంద మిల్లీలకు ఒకటిన్నర మిల్లీ పైన ఉబ్బుతది. రెక్క నిలువు పట్టీ మూడు ఇంచులు, అంటే 75 మిల్లీలు. మిల్లీ మీద కొంచెం. రెండు రెక్కలకు నాలుగు పట్టీలు, అన్నీ గలిపితే ఐదు మిల్లీలకు దగ్గర. నా పైన్ దీని కంటే కొద్దిగ ఎక్కువ, కిటికీ మొత్తం మీద కొంచెమే తేడా. గీతలు నిలువుగ ఉండేటట్టు కోసిన పలకైతే ఏ కట్టైనా సగమే కదులుతది. అంటే టేకా పైనా అనేదాని కంటే పలక ఎట్ల కోసినవ్ అనేదే ఎక్కువ. రంగు వేసుకుంట పోతే ఈ తేడా ఇంకా తగ్గుతది.

మామ: అంటే టేకే తక్కువ కదులుతది.

అల్లుడు: కొంచెమే, మామా!

మామ: కొంచెమైనా తక్కువే కదా. ఇగ రంగు సంగతి. టేకుకు రంగు వెయ్యకున్నా బూడిద రంగుకు తిరిగి నిలబడ్తది. నీ పైన్‌కు ఐదేండ్లకోపారి రంగు తప్పకుంట వెయ్యాలె. ఎవలేస్తరు?

ఇద్దరూ నా వైపు చూశారు. నేను గుట్ట వైపు చూశాను.

కోతుల ప్రస్తావన రాకుండా అనంతగిరి కింద ఏ ఇంటి మాటా పూర్తి కాదు. గుట్ట మీది గుడికి వచ్చే భక్తులు అరటిపండ్లు పెట్టి పెట్టి వాటికి కిటికీలు తీయడం నేర్పారు. మేస్త్రీ వాదన, పెద్ద మగకోతి రెక్క పట్టుకుని ఊగితే పైన్‌లో దిగిన మరలు ఊడివస్తాయని, కబ్జాలు వేలాడతాయని. మెత్తకట్టెలో మర పట్టు తక్కువన్నది నిజమే. కుర్రాడు పొడుగు మరలూ, మూడో కబ్జా వేస్తే చాలన్నాడు. బయట గ్రిల్లు ఎలాగూ ఉంది కనక దీని మీద ఎవరూ ఎక్కువసేపు కొట్టుకోలేదు.

ఎక్కువసేపు నడిచింది అడవి సంగతి.

అల్లుడు: ఇంకోటి అడుగుత, కోపం జెయ్యకు. గీ పక్క దామగుండంల నేవీ స్టేషన్ కోసం రెండు వేల తొమ్మిది వందల ఎకరాల అడవి ఇచ్చిండ్రని నువ్వే ధర్నాకు పొయ్యి వస్తివి. 2024 అక్టోబర్‌ల పునాది రాయి ఏసిన దినం ఇంట్ల అన్నం తినలే నువ్వు. మళ్ల అడవి టేకే గావాలె అంటవు. పైన్ తోటల పెంచిన పంట, వరి లెక్క కోసి మళ్ల నాటుతరు. ఏది నయం?

మామ: ఎకరాలకెకరాలు అడవి ఇచ్చుడూ, ముదిరిన చెట్టును వరుస ప్రకారం కొట్టుడూ ఒక్కటి గాదు. బల్లార్షాల అటవీ శాఖోళ్లే లెక్క గట్టి కొడ్తరు, కొట్టిన కాడ మళ్ల పెంచుతరు. ఇగ నీ పంట సముద్రాలు దాటి రావాలె. ఓడ నూనెతోనే కద నడిచేది? నా టేకు రాత్రి లారీ ఎక్కితే తెల్లారి తాండూరుల దిగుతది.

అల్లుడు: మరి మన రైతుల గట్ల మీద టేకు ఉన్నది కద, అది కొనరాదు?

మామ: కొనొచ్చు. వాల్టా చట్టం కింద చెట్టు కొట్టనీకి పర్మిషన్ కావాలె, కట్టె కదిలియ్యనీకి ఇంకో కాయితం. రైతు తిరిగి తిరిగి యాస్టకొచ్చి దళారికి ఇచ్చేస్తడు. అయినా గట్టు మీద పదిహేనేండ్ల చెట్ల నువ్వన్న చేవే లేకపాయె.

ఈ విషయంలో నాకు ఎటూ తేల్చే శక్తి లేదు. అడవి నుంచి పద్ధతిగా తీసిన ముదురు చెట్టు గొప్పదా, తోటలో పెంచి సముద్రం దాటించిన లేత చెట్టు గొప్పదా అన్నదానికి జవాబు నా ఎనిమిది కిటికీల కంటే చాలా పెద్దది. అయితే ఒకటి మాత్రం గట్టిగా అనిపించింది. ఉన్న కట్టెను పారేయడం ఈ రెండిటికంటే చెడ్డ పని. ఇప్పటిదాకా ఇద్దరూ కొత్తది ఏది కొనాలి అన్నారే గాని, పాతది ఎందుకు తీసేయాలి అనలేదు. నేనే అడిగాను: తొమ్మిది శాతం తేమతో, ఉలి దిగకుండా నిలబడిన ఈ చౌకట్టు పైభాగాన్ని ఏం చేస్తారు?

మామ: పాతకట్టె కొనేటోడు తీస్కపోతడు సారు. మంచి ధర పెడ్తడు.

అల్లుడు: ఎందుకు పెడ్తడు మంచి ధర? ఇసుంటి చేవ కొత్తల దొరకదు గనక. మామా, సారు సక్కగ అడిగిండు. కింద జానెడు మురిగింది, పైన మూడడుగుల మీద ఇనుము లెక్కున్నది. మురిగినకాడికి ఏటవాలుగ కోసి, కొత్త ముక్క అతికిద్దం. ఏటవాలు కోత ఎంత పొడుగుంటే అంత పట్టు. అతికే ముందు టేకు నూనెను థిన్నర్‌తోటి తుడవాలె, లేకుంటే జిగురు పట్టది. మా దగ్గర పాత బంగ్లాల పని వస్తే గిట్లనే జేస్తం.

మామ: నాకు నేర్పుతున్నవా అతుకు? బండి నొగలకు అతుకులేసినోన్ని. ముక్క మాత్రం టేకు చేవే వేస్త. పాత టేకు పక్కన నీ పైన్ పెడ్తే ఒకటి ఉబ్బుతది, ఒకటి ఉబ్బదు, అతుకు నోరు తెరుస్తది.

అల్లుడు: గీడ నువ్వే కరెక్టు. అతుకుకు టేకే. అట్లయితే పదిహేడు సీఎఫ్‌టీ అక్కర లేదు, రెండో మూడో చాలు. గంత తక్కువకైతే నువ్వన్న బల్లార్షా చేవ ఏరుకోవచ్చు. తూర్పు దిక్కు గదిల రెండు కిటికీలకు రెక్కలే లేవు, ఆడ వాన పడది, పైన వరండా ఉన్నది. వాటికి నా పైన్ పెట్టనియ్యి.

మామ: వరండా కిందనా? పెట్టుకో. నేను రంగు మాత్రం ముట్ట.

గొడవ ఇక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. మేస్త్రీ పడమటి కిటికీ కింద వంగి, అడుగున పరిచిన నాపరాయి మీద చెంబెడు నీళ్లు పోశాడు. తాండూరు బండ, నున్నగా పాలిష్ పట్టింది. నీళ్లు బయటికి జారలేదు. కాసేపు నిలబడి, మెల్లగా లోపలికి, చౌకట్టు కాలి దగ్గరికి వచ్చాయి. కొన్నేళ్ల కిందట పాత సున్నపు అంచు పగిలితే మేం పరిపించిన బండ అది. చుట్టూ సిమెంటు గట్టిగా మెత్తారు, అందువల్ల వచ్చిన నీళ్లకు మళ్లీ బయటికి పోయే దారి లేదు. పాత సున్నమైతే పీల్చుకుని ఆరేది.

మామ: చూసినవారా? వంపు ఎటు దిక్కున్నది?

అల్లుడు: లోపలికి. కింద గాడి గూడ లేదు మామా. బండ అంచు కింద గీత కొడ్తే నీళ్ల బొట్టు ఆడనే తెగి కింద పడ్తది. గీత లేకుంటే బండను పట్టుకొని గోడలకే పాకుతది.

మామ: గందుకే మూడింటికి మూడూ కిందనే మురిగినయ్. ఈడ దేవదారు పెట్టు, బర్మా టేకు పెట్టు, గదే కథ. ఊరు నిండ బండ పెట్టుకొని వంపు పెట్టనీకి చేతగాలే మనోళ్లకు.

అల్లుడు: అయితే బండ ముందు లేపాలె. చౌకట్టు కాలును బండకు ఆనియ్యకుంట అర ఇంచు లేపి నిలబెడ్దం, కొసకు రంగు పట్టించి. సిమెంటు తీసి సున్నం మెత్తిద్దం.

మామ: కొసకు రంగు రెండు పట్టులు. కట్టె నీళ్లు తాగేది పక్క నుంచి గాదు, కొస నుంచి. గది మీ కార్ఖానల జెప్పిండ్రా?

అల్లుడు: చెప్పిండ్రు. నువ్వు చిన్నప్పుడే జెప్పినవ్.

మామ: సారు, ఇగ ఇను. మిరుగు లోపల బండ పని అయిపోవాలె, వాన పడ్డంక సున్నం ఆరది. బండోనికి ఇయ్యాలనే ఫోన్ జెయ్యి. వంపు బయటికి, ఇంచుకు తక్కువ ఉండొద్దు, కింద గాడి. వాడు 'గాడికి వేరె పైసలు' అంటడు, ఇయ్యి. ఐతారం వీన్ని, వీని సూదుల మీటరును ఎంటబెట్టుకొని బల్లార్షాకు పోత. కొస చూసుడు నాది, తేమ చూసుడు వీనిది. పన్నెండు దాటిన పలక కొనం.

అల్లుడు: పైన్ సంగతి?

మామ: చెప్పినగదరా, వరండా కింద.